బస్సు వెనకాల రత్న

"రోజుకు ఎన్ని బీడీలు తాగుతావమ్మా?" అని బొంబాయి నాగ్‌పాడాలోని డాక్టరు మా ఆడపడుచు రత్నను అడిగాడు. పక్కనున్న మా అత్తగారు గంగవ్వ కుర్చీలోనే కొయ్యబారిపోయింది.

రత్నకు పద్దెనిమిదేళ్లు. కాలేజీ సైకిలు పందేల్లో ఎప్పుడూ ముందుండేది. నెలరోజులుగా దగ్గు, వంతెన సగం ఎక్కేసరికి ఆయాసం. డాక్టరు ఛాతీ విని, ఇది పొగ తాగేవాళ్ల దగ్గు అన్నాడు. మిల్లుల పొగగొట్టాలు సమ్మెతో చల్లారాయి, ఇక గాలికేం లోటని మా ఆయన అంటుండే రోజులవి. కాబట్టి తప్పు రత్నదే అయి ఉండాలి.

దవాఖానా మెట్ల మీదే అత్తగారు కూతురి దవడలు పట్టుకుని నోరు వాసన చూసింది. ఆ విద్యలో ఆవిడకు అనుభవముంది. ముప్పై ఏళ్లుగా చుట్ట తాగుతోంది.

"ఏం వాసనొస్తుంది అత్తమ్మా?" అని అడిగాను.

"నా నోటి వాసనే అడ్డమొస్తుంది. తెలుస్తలేదు."

ఇంటికి రాగానే సైకిలుకు గొలుసు చుట్టి తాళం వేసి, చావి నడుముకు దోపుకుంది. బొంబాయి జట్టుకు ఎంపిక వచ్చే ఆదివారమే. రత్న అన్నం ముట్టలేదు.

"ఒక్కసారి పోనియ్యుండ్రి అత్తమ్మా," అన్నాను. "మనం ఎన్క టాక్సీల పోదాం. బీడీలకు పాన్‌ డబ్బా కాడ ఆగితే అక్కడనే పట్టుకోవచ్చు."

దొంగను పట్టాలనే సరదా ఎవరికుండదు? మర్నాడు సాయంత్రం అత్తగారు సైకిలు గొలుసు విప్పింది. రత్న బయల్దేరగానే ఇద్దరం టాక్సీ ఎక్కాం. ముందు సీట్లో తుకారాం కూర్చున్నాడు. మా గల్లీలోనే సైకిళ్లు బాగుచేస్తాడు, రత్నకు పందేలు నేర్పిన గురువు.

రత్న నేరుగా పోయి ఒక డబుల్ డెక్కర్ బస్సు వెనకాలే అంటిపెట్టుకుని తొక్కసాగింది.

"సూడు అక్కా," అన్నాడు తుకారాం గర్వంగా. "బస్సు ఎదురుగాలికి అడ్డముంటది. దాని తోక ఇడువకపోతే కాళ్లకు స్పీడ్ అలవాటైతది. నేనే చెప్పిన."

సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. పొగగొట్టం ముందు రత్న ఒక కాలు నేలకు ఆనించి నిలబడింది. బస్సు కదిలింది. నల్లటి పొగ ఒక్క ఉదుటున ఎగజిమ్మింది. టాక్సీలో మేం ముగ్గురం కళ్లు మూసుకుని దగ్గాం. కళ్లు తెరిస్తే రత్న లేదు.

"తుకారాం, నా బిడ్డేది?"

"గక్కడనే ఉంది అక్కా, బస్సు ఎన్క."

"నాకు కనవడ్తలేదు గదరా."

పొగ పలచబడింది. రత్న పెడళ్ల మీద లేచి నిలబడి, నోరు బార్లా తెరిచి ఊపిరి పీలుస్తోంది. దాటిపోయిన పాన్‌ డబ్బాల వైపు అత్తగారు చూడనే లేదు.

ఇంటికొచ్చాక తెల్ల రుమాలు తడిపి రత్న ముక్కూ మూతీ తుడిచాను. రుమాలు మసిగుడ్డ అయింది. ఇంకో తెల్ల రుమాలు తీసి అత్తగారికిచ్చాను.

"చుట్ట ముట్టించి, పొగ దీంట్లకెళ్లి ఊదుండ్రి అత్తమ్మా."

ఊదింది. పల్చటి చాయ్ రంగు మరక పడింది. రెండు రుమాళ్లూ పక్కపక్కన పరిచాను. ఒక్క దమ్ముకూ ఒక సాయంత్రానికీ పోలిక న్యాయం కాదని నాలోని బి.ఎస్సీ. చదువు గొణిగింది. దాని నోరు మూయించాను.

అత్తగారు ఆ రుమాళ్ల మీదికి వంగింది. చేతిలో చుట్ట ఆరిపోయింది.

"ముప్పై ఏండ్ల సంది తాగుతున్న," అంది. "గింత నలుపు ఎన్నడు సూడలే. పోరి నోరు వాసన సూస్తి గాని, బజారు వాసన సూడకపోతి."

నడుములోంచి చావి తీసి, గుమ్మంలో నిలబడ్డ తుకారాం మీదికి విసిరింది. "రేపట్నుంచి కోడి కూయంగనే పోరిని తోల్కపో. బస్సు కనవడితే సైకిల్ దిగాలె."

"మరి ఎదురుగాలికి ఎవరడ్డం అక్కా?"

"నువ్వు ముంగట పో. నీ పొట్ట సాలదా?"

తుకారాం పొట్ట బాగానే పనికొచ్చింది. శనివారానికి రత్న వంతెన మీద ఆగడం మానేసింది, దగ్గు మాత్రం పూర్తిగా పోలేదు. ఆదివారం మూడోదిగా వచ్చింది. మొదటి ముగ్గురినీ జట్టులోకి తీసుకున్నారు.

సైకిలు దిగీ దిగకముందే అత్తగారు కూతురి దవడలు పట్టుకుని నోరు వాసన చూసింది. ఆ పొద్దున ఆవిడ చుట్ట ముట్టించలేదని నాకప్పుడు గుర్తొచ్చింది.

"ఏం లేదు," అంది. నమ్మకం కుదరక, మళ్లీ ఒకసారి చూసింది.