బావ ఒప్పుకున్న రోజు

బావ ఔనంటే బావమరిది కాదనాలి, బావ కాదంటే ఔననాలి. అక్క పెళ్ళినాడు మొదలైన ఈ పేచీ ఇద్దరి జుట్టూ నెరిసినా తెగలేదు. బావ సోఫాలు కుట్టేవాడు, బావమరిది ఎలక్ట్రీషియను. గదిలో బల్బు ఎక్కడ పెట్టాలన్న దగ్గర్నుంచి ఓటు ఎవరికెయ్యాలన్నదాకా దేనిమీదా ఇద్దరికీ పొసగలేదు. అక్క మాత్రం ఇద్దరి చేతుల్లో కాఫీ పెట్టి, తలుపు దగ్గరికి లాగేసి తన పని తను చూసుకునేది.

ఇప్పుడు బావకి కాలేయంలో క్యాన్సర్. డాక్టర్లు చేతులెత్తేశారు. సరిగ్గా ఇప్పుడే చట్టసభలో ఒక బిల్లొచ్చి కూర్చుంది: ఇక బతకడని తేలిన రోగి తనంతట తాను అడిగితే, ప్రశాంతంగా పోయేందుకు డాక్టరు మందివ్వొచ్చా? జనం మాట వింటామని టౌన్‌హాల్లో సభ పెట్టారు. బావకి మాట్లాడాలని ఉంది, మంచం దిగే ఓపిక లేదు. తన తరఫున మాట్లాడేంత నోరున్నవాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఆ ఒక్కడూ బిల్లుకి వ్యతిరేకంగా మాట్లాడతానని పేరిచ్చి వచ్చాడు!

“నొప్పి నాదైతే నిర్ణయం నీదేంట్రా?” అని బావ.

“ఇవాళ నొప్పంటారు, రేపు ఇంట్లో ముసలాయన బరువయ్యాడంటారు. ఒకసారి మొదలైతే ఆగదు,” అని బావమరిది. తప్పులు పట్టడానికి బిల్లంతా కంఠతా పట్టేశాడు మరి. అసలు సంగతేమిటంటే, బావ లేని ఆ ఇంటిని తలుచుకోవడం మనవాడి వల్ల కావడం లేదు.

సభకి ముందురోజు బావ దిండుకి చేరగిలబడి, ఉన్నట్టుండి, “నువ్వే రైటురా,” అన్నాడు.

ఆ మాట ఆ నోట వినడం అదే మొదలు.

“చట్టం గిట్టం ఏం వద్దు. పంటి బిగువున భరిస్తా. నొప్పి మందులు బాగానే పనిచేస్తున్నాయిగా.”

“ఏడ్చాయి! నిన్న అక్క చెయ్యి కమిలిపోయేలా పట్టుకుని మెలికలు తిరిగావు, నేను చూళ్ళేదనుకున్నావా?”

“అయినా చట్టమొస్తే నాలాంటివాళ్ళని చావుకి తోసేస్తార్రా.”

“ఎవడు తోసేది? ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూడాలి. నువ్వు నీ నోటితో అడగాలి. అడగ్గానే ఇవ్వరు, మళ్ళీ అడగాలి. మనసు మారితే ఆ క్షణమే మానెయ్యొచ్చు. మందు చేతిలో ఉన్నంత మాత్రాన మింగి తీరాలని ఎక్కడుంది? ఉందన్న ధైర్యంతోనే కొందరు మిగిలిన రోజులు నిమ్మళంగా గడిపేస్తారు. నీకా ధైర్యం వద్దనడానికి ఎవడికి హక్కుంది?”

అనేసి ఠక్కున నోరు మూసుకున్నాడు. గుమ్మంలో అక్క కప్పులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“అదే,” అన్నాడు బావ, ఆయాసంలోనే నవ్వుతూ. “ఒక్క ముక్క మార్చకుండా రేపు హాల్లో అదే చెప్పు.”

“మోసం చేశావు బావా!”

“చేశాను. ఇంకెలా చెబితే వింటావు నువ్వు?”

మనవాడు మంచం పట్టె మీద తల ఆన్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బావ వారించలేదు.

మర్నాడు మైకు ముందు మొత్తం చెప్పాడు. బిల్లు వద్దనే పక్షం లాయరమ్మ లేచి, “మీ బాధ మాకు అర్థమైంది, కానీ మీతో ఏకీభవించలేం,” అని నమస్కారం పెట్టి కూర్చుంది. మనవాడికి చప్పగా అనిపించింది. కాదనడమంటే ఇదా? ఒక కసురు లేదు, ఒక వెక్కిరింత లేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఫోన్ చేశాడు. “చెప్పేశాను బావా. అందరూ బాగా మాట్లాడానన్నారు.”

“నీ మొహం! నువ్వు బాగా మాట్లాడ్డమేంటి?”

గొంతు పీలగా వినిపించింది. ఇలా కాదనేవాడు ఇంక ఎన్నాళ్ళో ఉండడు.

“నేనొచ్చేదాకా పడుకోకు,” అన్నాడు మనవాడు, స్కూటర్ తాళాలకోసం జేబులు తడుముకుంటూ. “మొదట్నుంచీ మళ్ళీ చెప్తాను. ఎక్కడెక్కడ బాగాలేదో తిట్టు.”