సగం గ్లాసు నీళ్ళు

వేసవి ఆన్‌లైన్ శిక్షణలో ఆ రోజు ప్రయోగం చేసి చూపించే వంతు సైన్సు టీచరమ్మది. వంటింట్లో ల్యాప్‌టాప్ ముందు గ్లాసు నిండా నీళ్ళు పోసి, అట్టముక్కతో మూసి, తలకిందులు చేసి చెయ్యి తీసింది. చుక్క కారలేదు. కింది నుంచి గాలి నెడుతోందని, ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న పాఠం గడగడా అప్పజెప్పింది.

పక్కనే కూరలు తరుగుతున్న అత్తగారు తలెత్తారు. "సగమే పోస్తేనో?"

"పడిపోతుంది అత్తయ్యా. లోపలున్న గాలి తోసేస్తుంది."

"ఎప్పుడైనా చేసి చూశావా?"

చూడలేదు. తెర మీద నలభై మంది టీచర్లు చెవులు రిక్కించారు. గ్లాసులో సగమే నీళ్ళు పోసి, అట్టతో మూసి తిప్పింది. అట్ట కదల్లేదు.

"మరి లోపలి గాలి ఏం చేస్తున్నట్టు?"

"తెలీదు అత్తయ్యా," అంది టీచరమ్మ. సిగ్గుకు బదులు నవ్వొచ్చింది. ఎవరినైనా అడుగుదామని తెరవైపు తిరిగితే నలభై ఖాళీ కుర్చీలు. అందరిళ్ళలోనూ కుళాయిలు తిప్పుతున్న చప్పుడు.