లింబాయత్‌కు బయల్దేరిన నంది

పొద్దున నల్లా వచ్చే వేళకు లింబాయత్ సందులో ఆడవాళ్లంతా బిందెలతో బయటికొస్తారు. ముందు నీళ్లు, తర్వాత ముచ్చట్లు, ఆ తర్వాతే చాయ్. నవతకు మాత్రం నీళ్లు పట్టడమూ, అత్త రాజమ్మ చేత మాటలు పడటమూ ఒకేసారి జరిగిపోయే పనులు. రాజమ్మ నోరు పవర్‌లూమ్ లాంటిదని, కరెంటు పోతే తప్ప ఆగదని ఆమె కన్నకొడుకు ఉమాకాంతే అంటాడు.

ఆ రోజు నల్లా దగ్గర పక్కింటి భాగీరథి ఫోన్ చూపించింది.

"నంది లేచిండట. సహారా దర్వాజా కాడ కూసున్నడు, సూడుర్రి."

ఫొటోలో నల్లరాతి నంది రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. ఆటోలు తప్పుకుని పోతున్నాయి. ఎవరో అప్పటికే మెడలో బంతిపూల దండ వేశారు. నవత చేతిలోని బిందె జారి నీళ్లన్నీ నేలపాలయ్యాయి.

తాపీ ఒడ్డున కానేశ్వర్ మహాదేవ్ గుడి ఎంత పాతదో పూజారికే తెలియదు. శివుడు లోపలుంటాడు గానీ జనం బారులు తీరేది బయట నంది దగ్గరే. ఒక చెవిని చేత్తో మూసి, రెండో చెవిలో కోరిక చెప్పుకోవాలి. చెప్పాక వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు, ఆ మాట అప్పటికే శివుడికి చేరిపోతుంది. పని పడితే నంది లేచి వెళ్తాడు. వెనకటికి ఒక పడవవాడి పెళ్లాం ఏడిస్తే సముద్రం దాకా పోయి, పడవను తాడుతో సహా నోట కరుచుకుని ఈడ్చుకొచ్చాడట. మూతి మీద ఆ తాడు ఒరిపిడి ఇప్పటికీ ఉంది. ఆయన ఊళ్లోకి వెళ్లిన రోజుల్లో ఖాళీ పీఠానికే నీళ్లు పోసి, మారేడు పత్రి పెట్టి వస్తారు. ఆయన నడుస్తుండగా చూసినవాళ్లు లేరు. తెల్లారేసరికి ఇంకాస్త ముందు కూర్చుని ఉంటాడు. ఏదైనా ఇవ్వడానికి వస్తే వాకిలికి వీపు పెడతాడు, ఎవరినైనా తీసుకుపోవడానికి వస్తే ముఖం పెడతాడు.

ఆ చెవిలో తను చెప్పిన మాట నవతకు పొల్లుపోకుండా గుర్తుంది. ఆ మధ్య తనూ ఉమాకాంతూ కామ్‌రేజ్‌లో వేరే గది మాట్లాడుకున్నారు. సామాన్లు సర్దే రోజున రాజమ్మ గుండె పట్టుకుని మంచం మీద వాలిపోయింది. ఉమాకాంత్ భయపడిపోయి గది వద్దని ఫోన్ చేసేశాడు. మర్నాడు అదే రాజమ్మ కాళ్లు బారజాపుకుని కూర్చుని, పాట పాడుకుంటూ సకినాలు చుట్టింది.  నవత తిన్నగా గుడికి వెళ్లి, "ఈ ముసల్దాన్ని జెల్ది తీస్కపో సామీ" అని నంది చెవిలో చెప్పింది. ఇంటికి తిరిగొచ్చే సిటీ బస్సులోనే కోపం చల్లారింది. ఏం లాభం, మాట వెళ్లిపోయింది.

రాజమ్మ సంబరం మాత్రం ఇంతా అంతా కాదు. "మనింటికే వస్తడు, సూడుండ్రి. నేను మనుమణ్ని అడిగిన గద!" అని వాకిట్లో స్కూటర్లన్నీ తీయించింది. రోజూ పచ్చగడ్డి తెప్పించింది. నవతకు ముద్ద దిగడం లేదు. మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే, చీరల దారాలు కత్తిరించే కత్తెర పక్కన పెట్టి ఆమె రొమ్ము ఎగసిపడుతోందో లేదోనని చూస్తూ కూర్చునేది. రాజమ్మ దగ్గినా, తుమ్మినా పై ప్రాణాలు పైనే పోయేవి.

నంది రైలు వంతెన గర్నాలా కిందికి వచ్చాడని తెలిసిన రోజు నవత పరుగెత్తుకు వెళ్లింది. పైన రైలు దడదడలాడుతోంది. తడి గోడ పక్కన నంది నెమరు వేస్తున్నాడు.

"కోపంల అన్న సామీ. గది నా మనసుల మాట గాదు. మర్లిపో" అని చెవిలో చెప్పింది.

చెవి చల్లగా ఉంది. అది కదల్లేదు. మర్నాటికి నంది సందు మలుపులో, మొండయ్య దుకాణం ముందున్నాడు. స్వామికి నీడ దొరకాలని మొండయ్య ఉల్లిగడ్డల బస్తాలు పక్కకు జరిపాడు.

ఆ మర్నాడు తలుపు తీస్తే నంది గడప ముందే ఉన్నాడు. ముఖం ఇంట్లోకి పెట్టి.

పసుపు కుంకుమల పళ్లెంతో ఎదురొచ్చిన రాజమ్మ ఆయన కళ్లలోకి చూసి అక్కడే కూలబడింది. 

"ఉమ ఏడి? నా కొడుకింక రాలేదేందే?"

ఉమాకాంత్ పల్సానా మిల్లులో నైట్ షిఫ్ట్‌కు వెళ్లాడు. ఫోన్ ఎత్తడం లేదు. రాజమ్మ నంది కాళ్ల మీద పడి నెత్తి బాదుకుంది. "నా పోరణ్నా సామీ? వాడేం పాపం జేసిండు? ఒక్కగానొక్కడు!"

ఆ ఏడుపు నవత చూడలేకపోయింది.

"ఉమ కోసం గాదు అత్తమ్మా. నీ కోసం. నిన్ను తీస్కపొమ్మని నేనే చెప్పిన."

రాజమ్మ తలెత్తింది. "నా కోసమా? వాని కోసం గాదు గద? ఒట్టెయ్."

"ఒట్టు."

రాజమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని పెద్దగా ఊపిరి వదిలింది. "గీ ముచ్చట ముందుగాల జెప్పద్దానే? భయంతోని సచ్చినంత పనాయె!"

లోపలికి వెళ్లి ముఖం కడుక్కుని, పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకుంది. "వాడొస్తే చారు వేడి జేసి పెట్టు. సల్లటిది తినడు."

"కోపం లేదా అత్తమ్మా?" నవత ఏడుస్తోంది.

"ఎందుకు లేదే! తీరిక ఉంటే నీ సంగతి జెప్తుంటి."

రాజమ్మ గడప దాటింది. నంది మెల్లగా లేచి, ఆమె ఎక్కడానికి వీలుగా ముందుకాళ్లు వంచాడు. నవత అత్తను తోసుకుంటూ వెళ్లి, ఒక చెవి మూసి, రెండో చెవిలో గబగబా ఏదో చెప్పింది. నంది చెవి ఒక్కసారి కదిలింది. ఆయన మళ్లీ కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"ఏం జెప్పినవే?"

"నిన్ను ఎన్నడు తీస్కపోతే నన్ను గూడ ఆనాడే తీస్కపొమ్మన్న. ఇద్దర్ని ఒక్కపారే."

 రాజమ్మ ముఖంలో రక్తం లేదు. కొడుకు కోసం ఏడ్చినప్పుడు కూడా ఆమె ఇలా లేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, గడప లోపలికి వెళ్లి నిలబడింది.

"ఎంత పని జేసినవ్ పిల్లా! నీకింక ఇరవై రెండేండ్లే గదనే!"

ఉమాకాంత్ షిఫ్ట్ ముగించుకుని క్షేమంగా వచ్చాడు, నందికి దండం పెట్టి లోపలికెళ్లి పడుకున్నాడు. మర్నాడు వాకిట్లో నంది లేడు. గుడిలో పీఠం నిండింది.

ఆ వారమే రాజమ్మ నవతను వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఒంట్లో ఏమైందని ఆయన అడిగాడు.

"ఏం గాలే సాబ్. పచాస్ సాల్ ఔర్ జీనా హై" అంది రాజమ్మ. ఇంకో యాభై ఏళ్లు బతకాలట.

డాక్టర్ నవ్వాడు. రాజమ్మ నవ్వలేదు. బల్ల కింద నవత చెయ్యి పట్టుకుని ఉంది, అరచెయ్యంతా చెమట.

"మజాక్ నై సాబ్. ఒక్క దినం గూడ తక్కువ నై హోనా."