సబ్బు ముట్టని ఇరవై రోజులు

మా లాండ్రీలో బట్ట మీద మరక మిగిలితే నాకు ముద్ద దిగదు. నలభై ఏళ్ళుగా అదే నా గొప్ప, నా పొగరు కూడా. ఆ పొగరే నా మనవరాల్ని నాకు దక్కకుండా చేయబోయింది.

ఆరేళ్ళ క్రితం అడవి దారిలో కారు లోయలో పడి నా కూతురూ అల్లుడూ పోయారు. రెండేళ్ళ పిల్ల ఆనవాలే దొరకలేదు. మొన్న చలికాలంలో అటవీ సిబ్బందికి ఒక తోడేళ్ళ గుహ ముందు, కూనల మధ్య ఎండ కాగుతూ కనిపించిందట. రక్తపరీక్ష చేసి నా మనవరాలేనని తేల్చారు. ఆ మాట వినగానే చేతిలో ఇస్త్రీపెట్టె ఉందని కూడా మరిచి కూలబడ్డాను. ఎవరిదో చొక్కా మాడింది. మాడితే మాడింది!

ఇంటికి తెచ్చిన రోజు దాని ఒంటి మీద ఆసుపత్రి గౌను, గుప్పిట్లో ఒక చింకి గుడ్డ. గుహలోంచి పట్టుకొచ్చిన గోనెసంచి ముక్క. నిండా బొచ్చు, బురద, అడవి కంపు. పిల్ల నిద్రపోయింది. లాండ్రీ మనిషిని కదా, చెయ్యి ఊరుకుంటుందా? వేడినీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికి, ఇస్త్రీ చేసి, మడత నలగకుండా దాని పక్కన పెట్టాను. లేచి మురిసిపోతుందనుకున్నాను.

లేచింది. గుడ్డని వాసన చూసింది. తిరగేసి మళ్ళీ చూసింది. ఆ తర్వాత ఇల్లు పీకి పందిరి వేసింది. మూడు రోజులు, అది ఏడుపు కూడా కాదు, ఊళ. ఏ తల్లి తోడేలు పక్కలో పెరిగిందో, ఆ తల్లి వాసన ఆ గుడ్డలోనే మిగిలి ఉండేది. దాన్ని నా చేతులతో నేనే మురుగ్గొట్టంలో పోశాను. నన్ను నేను తిట్టుకున్నంతగా జన్మలో ఎవర్నీ తిట్టలేదు. అది మొదలు నేను గదిలోకి అడుగుపెడితే పిల్ల మంచం కిందికి దూరేది.

శిశు సంక్షేమ అధికారిణి వచ్చి చూసింది.

"అమ్మా, పిల్ల మిమ్మల్ని దగ్గరికే రానివ్వడం లేదు. నెల రోజులు చూస్తాను. తనంతట తాను మీ దగ్గరికి రాకపోతే మా కేంద్రానికి పంపాల్సిందే. అక్కడ డాక్టర్లుంటారు."

"తోడేళ్ళు పెంచినప్పుడు ఏ డాక్టరున్నాడమ్మా?" అన్నాను. ఆమె నవ్వలేదు.

పది రోజులు బొమ్మలతో, పాలతో, పాటలతో బతిమాలాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. పదో రోజు గమనించాను. నేను వచ్చినప్పుడల్లా మంచం కింద ముక్కు కదులుతోంది, వెంటనే పిల్ల వెనక్కి జరుగుతోంది. నేనా, రోజుకు రెండుసార్లు బట్టలు మార్చే మనిషిని. తెల్లవాటికొక సబ్బు, రంగువాటికొక సబ్బు. దాని లెక్కన పూటకొక కొత్త మనిషి గదిలోకి వస్తోంది! ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఒకే జత బట్టలు, ఒంటికీ బట్టకీ సబ్బు ముట్టించేది లేదు.

మా ఆడపడుచు, నాతోపాటు ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసేది, వారం తిరక్కుండానే ముక్కు మూసుకుంది.

"వదినా, నీ పక్కన నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. కొట్టుకి వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

"గుమ్మంలోంచే పారిపోతున్నారుగా. అనుకునే తీరిక వాళ్ళకెక్కడిది?"

"కాకిపిల్ల కాకికి ముద్దని ఊరికే అన్నారా!" అంటూ నవ్వింది. అయినా ఉతుకుడు మొత్తం తన నెత్తిన వేసుకుంది, మహాతల్లి.

ఒట్టు పెట్టుకున్న పన్నెండో రోజు మధ్యాహ్నం నేల మీద కూర్చుని గుండీలు కుడుతుంటే, మంచం కిందినుంచి ఒక చెయ్యి వచ్చి నా బట్ట అంచు పట్టుకుంది. నేను చెయ్యి చాపగానే మళ్ళీ లోపలికి పోయింది. అంతకుమించి రాలేదు. గడువు మాత్రం వచ్చేసింది.

ఆ పొద్దున ఆడపడుచు ఇస్త్రీ జత తెచ్చింది. "ఈ ఒక్క పూటకీ వేసుకో వదినా. ఆఫీసుకి ఇంత మురికిగా వెళ్తే నీ చేతికి పిల్లనెవరిస్తారు?"

చెప్పొద్దూ, చేతులు లాగాయి. నలభై ఏళ్ళ అలవాటు మరి. "పిల్ల నన్ను గుర్తుపడితే చాలు," అని జత పక్కన పెట్టేశాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ రోజు ఆ మొండిని నేనే.

ఆఫీసు గదిలో పొడుగు బల్ల, దాని వెనక అధికారిణి, డాక్టరు, కేంద్రం వాళ్ళు ఇద్దరు. నేను కూర్చోగానే పక్క కుర్చీలు దూరం జరిగాయి. పూర్వమైతే తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు మెడ నిటారుగా పెట్టుకున్నాను.

"ఇలాగేనా పిల్లని పెంచేది?" అధికారిణి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"పిల్ల శుభ్రంగానే ఉంది మేడమ్. మురికి నాది."

పొద్దున్నే వాళ్ళ బండిలో తెచ్చిన పిల్లని అవతలి తలుపులోంచి లోపలికి వదిలారు. అంతమందిని చూసి బెదిరి బల్ల కిందికి దూరింది.

"పిలవండి," అంది అధికారిణి.

"పిలిస్తే తనంతట తాను వచ్చినట్టు కాదుగా. మాట మీరే పెట్టారు."

నేను పిలవలేదు. ఆమె నిట్టూర్చి, పిల్లని కేంద్రానికి పంపే కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "సంతకం పెట్టండమ్మా," అంటూ కలం నా ముఖం ముందుకి చాపింది.

బల్ల కింద గుర్రుమంది. పిల్ల నాలుగు కాళ్ళ మీద దూసుకొచ్చింది. సగం దారిలో లేచింది, రెండు కాళ్ళ మీద! వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది. దాని వీపు నా మోకాళ్ళకి గట్టిగా ఆనింది. అధికారిణికి పళ్ళు చూపించింది.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "కరుస్తుందా?"

"కరవదు మేడమ్. కాపలా కాస్తోంది. తనవాళ్ళ జోలికి ఎవరైనా వస్తే ఎదురు నిలబడాలని నేర్పి పంపారు దాన్ని పెంచినవాళ్ళు. మంచి పెంపకం!"

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. అధికారిణి రుమాలు తీసేసింది, కాగితాన్ని అడ్డంగా చించేసింది.

అయినా పిల్ల పక్కకు జరగలేదు. నన్నెవరూ ఎత్తుకుపోకుండా, నా మనవరాలు నాకు అడ్డంగా అలాగే నిలబడింది.