తొంభై ఎనిమిది దగ్గర

రామలింగం సేటు కిరాణా దుకాణం షట్టరు సగమే లేచి ఉంది. ఆ సగం కింద నుంచి దూరడం గులాం మొహిద్దీన్‌కు చిన్న పని కాదు. ముందు తల, తర్వాత ఒక భుజం, ఆ తర్వాత కుడివైపు గజ్జను అరచేత్తో అదిమి పట్టుకుని మిగతా మనిషి లోపలికి వచ్చాడు. చెప్పులు విప్పాడు. తువ్వాల తీసి బియ్యం బస్తా మీద వేశాడు. జేబులో తాళంచెవులు, బీడీకట్ట, చివరికి చేతి గడియారం కూడా తీసి పక్కన పెట్టాడు. అప్పుడు బస్తాలు తూచే కాంటా మీదికెక్కి కళ్లు మూసుకున్నాడు.

"తొంభై ఎనిమిదే భాయ్," అన్నాడు సేటు, వినపడీ వినపడనట్టు.

మూడు వారాలుగా అదే అంకె. జనగామలో బస్సులు ఆగి మూడు వారాలు, బడులు మూతపడి మూడు వారాలు, ఈయన బరువు ఆగి మూడు వారాలు. సకల జనుల సమ్మెలో ఈ కాంటా కూడా చేరిందేమో అని సేటు ఒకరోజు నవ్వాడు. మొహిద్దీన్ కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? గడియారం పెట్టుకుని, షట్టరు కింద నుంచి మళ్లీ అదే పద్ధతిలో బయటపడ్డాడు.

ఆయనకు యాభై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకు, చావులకు, దావత్‌లకు వంట చేసే మనిషి. ఇటు లింగాల ఘనపూర్ నుంచి అటు పెద్దవంగర దాకా ఆయన బగారన్నం తినని ఊరు లేదు. ఎండాకాలంలో గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. చెప్పుకునే చోట వచ్చిన జబ్బు కాదాయె. రెండు నెలలు లుంగీ బిగించి కట్టి దాచాడు. భార్య హాజిరా బీ కంటపడ్డాక హన్మకొండ దవాఖానకు పోక తప్పలేదు. అక్కడి డాక్టరు ముందు కాంటా ఎక్కించాడు. నూట పన్నెండు. తొంభైకి దిగితేనే ఆపరేషన్ అన్నాడు. ఈలోగా పేగు ఇరుక్కుంటే ప్రాణాల మీదికి వస్తుందని, అది ఏ రోజైనా జరగొచ్చని కూడా అన్నాడు. ఆ మాట హాజిరా బీ చెవిలో జోరీగలా ఉండిపోయింది.

ఆనాటి నుంచి పొద్దున ఒక జొన్నరొట్టె, రాత్రి ఒక జొన్నరొట్టె, ఆకుకూర. పిండి ఆమే కొలుస్తుంది, రొట్టె ఆమే కాలుస్తుంది. నూట పన్నెండు నూట ఆరయింది. రంజాన్ నెల దాటేసరికి తొంభై ఎనిమిదయింది. అక్కడ మొరాయించింది. పక్కింటి తస్లీమా ఊరుకుంటుందా! పగలంతా వంట గంజుల ముందర నిలబడే మనిషి ఇంట్లో రొట్టె ఎందుకు తింటాడని వాడంతా వినేటట్టు అన్నది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు మరి. హాజిరా బీ ఆమెతో కొట్లాడి మాటలు మానేసింది. మొహిద్దీన్ తన బిడ్డ నస్రీన్ మీద ఒట్టేసి చెప్పాడు, బయట మెతుకు ముట్టలేదని. ఆ ఒట్టు అబద్ధం కాదు. కనీసం ఆయన అబద్ధమని అనుకోలేదు.

ఎందుకంటే ఉప్పు చూడటం ఆయన లెక్కలో తినడం కాదు. వంట నేర్పిన మేనమామ మొదటి రోజే చెప్పాడు, వంటవాడి అరచెయ్యి విస్తరి కాదు, దాంట్లో పడ్డది భోజనం కాదని. గంజు దింపేలోగా నాలుగైదు సార్లు గరిటెతో అరచేతిలో పోసుకోవాలి, ఊదుకోవాలి, నాలుకకు తాకించి మింగాలి. అన్నమైతే పలుకు చూడటానికి పిడికెడు. చేసే పనికి కడుపు లెక్కేమిటి? మంగలి తన కత్తెరకు తగిలిన వెంట్రుకలు లెక్కపెట్టుకుంటాడా?

చౌరస్తాలో ఆ రోజు వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే కూర్చుని తినడం. హైదరాబాద్ నుంచి వచ్చే లారీలు అటు పెంబర్తి దాకా ఆగిపోయాయి. రిలే నిరాహార దీక్ష టెంటు పక్కనే మొహిద్దీన్ ఆరు పొయ్యిలు తవ్వించాడు. పదిహేనేళ్లుగా ఆయనతో వండుతున్న అమర్‌సింగ్ కట్టెలు ఎగదోస్తున్నాడు. సమ్మెలో ఉన్న టీచర్లు, వాడకట్టు ఆడవాళ్లు బరకాలు పరుచుకుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు. వాళ్లలో జానకి టీచరు ఉంది. బురఖా ముసుగు తల మీదికి వేసుకుని హాజిరా బీ కూడా ఉంది.

ఆ పొద్దు మొహిద్దీన్ మంచి హుషారుగా ఉన్నాడు. నెయ్యి లేకపోయినా నూనెలోనే షాజీరా వాసన లేపాడు. ఒక గంజులో బగారన్నం, ఒక గంజులో సొరకాయ దాల్చా, ఒకదానిలో ఆలుగడ్డ కూర. ఒక్కొక్క దాని దగ్గర ఆగడం, గరిటె ముంచడం, అరచెయ్యి చాపడం, కళ్లు మూసుకుని నాలుక మీద ఒక్క క్షణం ఆపుకోవడం. ఆ క్షణంలో ఆయన ముఖం చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. లావుపాటి మనిషి అన్న సంగతే గుర్తుకురాదు. పులుపు తక్కువైందో, కారం ముందుకొచ్చిందో ఆ నాలుకకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మొదటి వాయి దిగాక హాజిరా బీ కళ్లతోనే పిలిచింది. ఆగిపోయిన లారీ చాటుకు తీసుకుపోయింది. అక్కడ నీడలో ఒక మోదుగాకుల విస్తరి, దాని మీద బోర్లించిన బేసిను. బేసిను తీసింది. విస్తరి నిండా అన్నం, అన్నం పక్కన ఆలుగడ్డ, పైన కారిపోతున్న దాల్చా. ఒక మనిషికి ఎక్కువ, ఇద్దరికి సరిపోతుంది.

"ఇది ఎవరిది?" అన్నాడు మొహిద్దీన్.

"మీదే. పొద్దుగాల సంది మీరు తిన్నది."

"నేనేం తినలే."

"తిన్నరంటలేను. ఉప్పు చూసిన్రు. మీరు చూసినప్పుడల్లా నేను గంతే తీసి గిండ్ల వేసిన."

ఆమె గొంతులో కోపం లేదు. గెలిచానన్న సంబరమూ లేదు. కోపగించుకుంటే ఆయనకు ఎంత హాయిగా ఉండేదో! విస్తరి వైపు చూస్తూ నిలబడ్డాడు. తల కొట్టేసినట్టయింది. దొంగతనం చేసి దొరికినవాడికి దొంగతనం చేశానన్న ఎరుకైనా ఉంటుంది. ఈయనకు అదీ లేదు. బిడ్డ మీద ఒట్టు, తస్లీమాతో కొట్లాట, ఆకలితో నిద్రపట్టక పొర్లిన రాత్రులు, అన్నీ ఆ విస్తరి ముందు నవ్వులాటలయ్యాయి. ముప్పై ఏళ్ల పనితనం ఒక ఆకులో కుప్పగా పడి ఉంది.

"రోజాలప్పుడు అమర్‌సింగ్ చూసెటోడు గద," అన్నది హాజిరా బీ మెల్లగా. "గిప్పుడు గూడ ఆయననే చూడుమనుండ్రి. గప్పుడే తగ్గిన్రు మీరు."

"ఏమని చెప్పాలె?"

"ఉన్నదే చెప్పుండ్రి."

ఆమెకు సులువు. రంజాన్ నెలలో, శ్రావణమాసం పెళ్లిళ్లకు వండుతూ, ఉపవాసం ఉన్నాను నువ్వు చూడు అంటే అమర్‌సింగ్ చేతులు కడుక్కుని వచ్చి చూసేవాడు. ఉపవాసం తలెత్తుకుని చెప్పుకునే మాట. పొట్ట తగ్గించుకోవాలి అన్నది తలెత్తుకుని చెప్పే మాటా? పైగా పక్క టెంటులో రాష్ట్రం కోసం పది మంది పస్తు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి, నాకు తిండి ఎక్కువైంది అనాలా? ఎందుకు అని అమర్‌సింగ్ అడిగితే గజ్జ సంగతి దాకా పోవాలి. మోకాళ్ల నొప్పులని చెప్పి కదా ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు! మొహిద్దీన్ పొయ్యిల దగ్గరికి తిరిగి వచ్చాడు.

అంతలో జఫర్‌గఢ్ నుంచి ట్రాక్టర్లు దిగాయి. ఇంకో రెండు వందల మంది. రెండో వాయి ఎక్కించారు. మొహిద్దీన్ పప్పు ఉడికించాడు, చింతపులుసు పోశాడు, పోపు పెట్టాడు. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి గానీ మనసు లారీ చాటునే ఉంది. దాల్చా బుడగలు తేలి తెర్లుతున్నప్పుడు గరిటె ముంచాడు. అరచెయ్యి దానంతట అదే చాచుకుంది. ఆయన దాన్ని వెనక్కి తీసుకుని తువ్వాలకు తుడుచుకున్నాడు. ఉప్పు వేశానా? వేసినట్టే ఉంది. వేయనట్టూ ఉంది. అమర్‌సింగ్ రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. జర చూడు అన్న రెండు మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. మళ్లీ వేస్తే ఉప్పుకషాయమవుతుంది, ఎక్కువైన ఉప్పును దేవుడైనా తీయలేడు. రంగు బాగుంది, వాసన బాగుంది. అవే సాక్ష్యమనుకుని మూత పెట్టాడు.

జనం రోడ్డు మీద బంతులు తీరి కూర్చున్నారు. వడ్డన సాగుతోంది. వంటవాడు బంతుల మధ్య ఒకసారి నడవడం మర్యాద. తినేవాళ్లు మెచ్చుకుంటారు, లేదా తిడతారు, రెండూ ఆయనకు అలవాటే. ఒకసారి ఒక పెళ్లిలో పెండ్లికొడుకు మేనమామ కారం ఎక్కువైందని విస్తరి విసిరికొడితే, నీ నాలుకే పలచన అని ఆయన ఎదురు తిరిగి జవాబిచ్చిన మనిషి.

జఫర్‌గఢ్ వాళ్ల బంతి దగ్గరికి వచ్చేసరికి మాటలు సన్నగిల్లాయి. ఒక ముసలాయన చెయ్యి పక్కవాడి ఒళ్లోకి పోయి వచ్చింది. ఆ పక్కవాడి చెయ్యి ఆ పక్కకు. ఏదో పొట్లం తొడల చాటున ఒకరి నుంచి ఒకరికి పోతోంది. అది చివరికి వడ్డిస్తున్న జానకి టీచరు చేతికి చేరింది. ఆమె ఆయనను చూసి దాన్ని గబుక్కున కొంగు కిందికి తీసుకుంది. వేళ్ల సందుల్లోంచి నాలుగు తెల్లని రవ్వలు తారు మీద రాలాయి.

"మస్తుగున్నది భాయ్," అన్నది ఆమె.

"కడుపు నిండింది నాయినా," అన్నాడు ముసలాయన. రెండు వందల మందిలో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. చప్పిడి కూడు తింటూ, వండినవాడి ముఖం చిన్నబోకూడదని, అందరూ కలిసి తలలు వంచుకుని తిన్నారు. విస్తరి విసిరికొట్టినా ఆయన తట్టుకునేవాడు. ఈ దయను ఎట్లా తట్టుకోవాలో ఎవరూ నేర్పలేదు.

గంజు దగ్గరికి పోయాడు. అడుగున మిగిలినదాన్ని గరిటెతో అరచేతిలో పోసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. నీళ్లు. పులుపు ఎక్కిన నీళ్లు. ఉమ్మలేక మింగాడు. ఇది తినడమేనని తెలిసి మింగడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి.

గరిటె కడిగి అమర్‌సింగ్ చేతికిచ్చాడు.

"ఇగ నువ్వే చూస్కో."

"ఏందే భాయ్, మళ్ల మోకాళ్లా?"

మొహిద్దీన్ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "అవు," అన్నాడు. "మోకాళ్లే."

హాజిరా బీ ముసుగు దించుకుని ఆయన వెనకే నడిచింది. ఆయన మళ్లీ పొయ్యి దగ్గరికి రాలేదు. మాఘమాసం పెళ్లిళ్లన్నీ అమర్‌సింగ్ ఒక్కడే వండాడు. ఆ నెలలోనే కాంటా తొంభై చూపించింది, హన్మకొండలో ఆపరేషనూ అయింది. బాగా చిక్కినవు భాయ్, ఏం చేసినవు అని ఎవరడిగినా ఆయన తల దించుకుని వేరే మాట ఎత్తుకునేవాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం జనం లేచాక ఆడవాళ్లు విస్తర్లు ఎత్తేశారు, అమర్‌సింగ్ పొయ్యిల మీద నీళ్లు పోశాడు, ఆగిన లారీలు ఒక్కొక్కటే కదిలాయి. జఫర్‌గఢ్ వాళ్లు కూర్చుని లేచిన చోట, రోడ్డు మధ్య తెల్లగీత మీద, పిల్లల నోటుబుక్కులోంచి చింపిన కాగితం పొట్లం ఒకటి మూతి విప్పుకుని ఉంది, లోపల ఇంకా చారెడు దొడ్డుప్పుతో.