రేకులింటి పిట్టగోడ

నేను ఒక పిట్టగోడను. నవ్వకండి, రేకుల ఇంటి మీది పిట్టగోడను. మా ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ నాలాంటిది కనపడదు.

నన్ను కట్టించింది గిద్యోను గారు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై, తెనాలి పక్కన కొత్తగా రెండు గదుల ఇల్లు వేసుకుని, తీరిగ్గా బైబిలు మొదట్నుంచి చదవడం మొదలుపెట్టాడు. మోషే ధర్మశాస్త్రం దగ్గరికొచ్చి ఆగిపోయాడు. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలట. లేకపోతే ఎవరైనా పైనుంచి పడితే ఆ నెత్తురు ఆ ఇంటి మీదే ఉంటుందట. అంతే, పాపం, ఆయనకు అన్నం సహించలేదు.

“ఈ రేకుల మీదికి ఎవరెక్కుతారు సార్?” అన్నాడు మేస్త్రి కోటయ్య.

“పిల్లి ఎక్కితే?”

నీళ్లు పోవడానికి తూములైనా పెట్టనివ్వమని మేస్త్రి బతిమాలాడు. ధర్మశాస్త్రంలో తూముల మాటే లేదని గిద్యోను గారు ఒప్పుకోలేదు. అలా పుట్టాను నేను, నాలుగు వైపులా, ఒక్క చిల్లు లేకుండా. గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు. ఆదివారం చర్చి నుంచి వచ్చేవాళ్లు ఆగి మరీ చూసి నవ్వేవాళ్లు. అది మెచ్చుకోలే అనుకున్నాను.

మొదటి వానకే రేకుల మీద చెరువు తయారైంది. సందుల్లోంచి నీళ్లు వంటింట్లోకి దిగాయి. గిద్యోను గారి భార్య సువార్తమ్మ ఎసరు చూద్దామని వచ్చి, జారి, నడుం పట్టేసేలా పడింది. ఎవరూ పడకూడదని నన్ను కట్టిస్తే, నా వల్లే ఇంటావిడ పడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

“దోషం మనింటి మీదికి వచ్చేసింది సువార్తా!” అని గిద్యోను గారు పక్కనే చతికిలబడ్డాడు.

“దోషం కాదయ్యా, నీళ్లొచ్చినయ్యి,” అంది ఆవిడ మూలుగుతూనే. “మనిషి పడకుండా చూడమన్నాడు దేవుడు. పడేదెక్కడో నువ్వు చూసుకోవద్దా? మనం రోజూ జారేది పెరట్లో పాచి మీద.”

వాన వెలిశాక ఆయనే గునపం పట్టి నన్ను పడగొట్టాడు. నా ఇటుకలన్నీ పెరట్లో పాచి పట్టిన చోట పరిచాడు. ఇప్పుడు నేను వంటింటి గుమ్మం నుంచి బాత్రూం దాకా దారిని. సువార్తమ్మ నడుం పట్టుకుని నా మీద నడుస్తుంది. జారదు.

చదవడం మాత్రం ఆయన మానలేదు. నిన్న, కళ్లం తొక్కే ఎద్దు నోటికి చిక్కం కట్టొద్దు, పని చేసేదాన్ని ఆ గింజలు తిననివ్వాలి అన్న చోటికి వచ్చాడు. ఇంట్లో ఎద్దు లేదు. ఇప్పుడొకటి కొనుక్కొస్తాడేమోనని హడలిపోయాను. ఆయన గుమ్మంలో కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. లోపల సువార్తమ్మ ఎప్పట్లాగే ఆయనకు కంచం పెట్టి, ఆయన తిన్నాక తిందామని పక్కన నిలబడింది.

“కూర్చో. వండినదానివి, ముందు నువ్వు తిను,” అన్నాడు.

ఈ బుద్ధి ఎక్కణ్నుంచి పుట్టిందని ఆవిడ అడిగింది. ఆయన చెప్పాడు.

“అంటే నేను ఎద్దునా?” అని ఆవిడ కళ్లెర్రజేసింది. అంటూనే పీట లాక్కుని కూర్చుని, కూరలో పెద్ద ముక్క తనే వేసుకుంది.