దుర్గాశంకర్ గారి ఇంటి గడప

ఆ గడప ట్రాక్టర్ దిగుతుంటేనే వెంకటరావమ్మ గుర్తుపట్టింది. చుట్టపు మొహాన్ని పోల్చుకోవడానికి రెండోసారి చూడాలేమో గానీ, పగవాడి గడపకి ఒక్క చూపు చాలు. మంచి బర్మా టేకు. తరాలుగా పూసిన పసుపు చెక్కలోకి ఇంకిపోయి దబ్బపండు రంగు తేలింది. మధ్యలో ఇత్తడి పువ్వు, ఆ పువ్వుకి ఓ రేకు లేదు. ఆ లేని రేకు వంక చూస్తూ ఒకనాడు పొద్దుట్నుంచీ పొద్దుగూకేదాకా ఎదురు అరుగు మీద కూచున్న మనిషి ఎలా మరిచిపోతుంది?

“వన్ టౌన్‌లో పాత మేడ కొట్టేశారు పిన్నీ,” అంటూ రుచిత ట్రాక్టర్ మీంచి దూకింది. “కాంట్రాక్టర్ దుర్గాశంకర్ లేడూ, ఆయనదే. కాంప్లెక్స్ కడతాట్ట. కొట్టినవాళ్ళు కలపంతా మనకే తోలేశారు.”

“గడప కూడానా?”

“అదేగా నేనూ అడిగా! సామానుతో పాటు వచ్చిందే తల్లీ, తీసుకుపో అన్నారు.”

వెంకటరావమ్మ చెయ్యి వెళ్ళి ఆ పువ్వు మీద పడింది.

కొండపల్లి రోడ్డులో ఆ యార్డు పెట్టింది మార్త. కూల్చిన ఇళ్ళ శిథిలాలు తెచ్చి, పనికొచ్చే ఇటుక, కలప, ఇనుము వేరుచేసి అమ్ముతారు. పనికిరాని పెళ్ళల్ని మరలో నలగ్గొట్టి, థర్మల్ కరెంటు స్టేషను బూడిద కలిపి కొత్త ఇటుకలు పోస్తారు. వచ్చిన లాభం పనిచేసినవాళ్ళదే. ఊరు పారేసిన సామానే కాదు, ఊరు పక్కకి నెట్టిన మనుషులూ అక్కడికే చేరారు. మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతుకుతానన్న రుచితకి ఊళ్ళో అద్దెకి గది కూడా ఇవ్వకపోతే, మార్త ట్రాక్టర్ తాళాలిచ్చింది. కాళ్ళు చచ్చుబడ్డ వడ్రంగి పుల్లయ్యకి కూచుని పనిచేసుకునేలా బల్ల దించి కట్టించింది. ఇటుకల దగ్గర ఉన్నదంతా వరదకి మగ్గాలు పోయిన నేత ఆడవాళ్ళు. వాళ్ళందరికీ పెద్దదిక్కు వెంకటరావమ్మ.

ఆ వరద దేవుడిచ్చిందే అని ఊరంతా అనుకుంది. వాళ్ళ సందులో మాత్రం ఎవరూ అనుకోలేదు. సందు వెనకాల మురుక్కాలవ ఉండేది. ఎంత వాన పడ్డా అది గుటుక్కున మింగేసేది. దుర్గాశంకర్ ఎక్కడెక్కడో కూల్చిన గోడల రాళ్ళూ పెళ్ళలూ తెచ్చి, దూరం పోవడానికి బద్ధకించి, గట్టున నిలబడి అందులోకే గుమ్మరించేవాడు. కాలవ గొంతు పూడిపోయింది. “బాబూ, వానొస్తే మేం మునిగిపోతాం,” అని కోటిలింగం రెండు చేతులూ జోడించి చెప్పాడు కూడా. కోటిలింగమంటే వెంకటరావమ్మ పెనిమిటి. నోట్లో నాలుక లేని మనిషి. నేసే చీర మీద ఈగ వాలితే ఊది తోలేవాడే గానీ చెయ్యి విసిరేవాడు కాడు.

వానొచ్చింది. నీళ్ళు పోయే దారి లేక ఇళ్ళలోకి తన్నుకొచ్చాయి. ముందు నిండింది మగ్గం గుంట. నేతగాడు కాళ్ళు పెట్టి కూచునే ఆ గుంటలోకి దిగి, పడుగు దారాలు తడవకుండా పైకెత్తి పట్టుకుని నిలబడిపోయాడు కోటిలింగం. రా మావా అంటే రాడు. బట్ట చుట్టే దోనెని నీళ్ళు లాక్కుపోతుంటే దాని వెనకే కాలవ గట్టుదాకా వెళ్ళి, దుర్గాశంకర్ పోయించిన గాజుపెంకుల గోడ పెళ్ళ మీద కాలేశాడు. ఆ పుండు కుళ్ళి, జ్వరం తలకెక్కి, ఆసుపత్రిలో పోయాడు. పోయేముందు అడిగింది కూడా ఆ దోనె దొరికిందా అనే.

కర్మకాండలయ్యాక వెంకటరావమ్మ దుర్గాశంకర్ ఇంటికెళ్ళింది. డబ్బడగడానికి కాదు. కాలవలో రాళ్ళు తియ్యమని, మిగిలిన కొంపలైనా నిలబడతాయని. గేటు దగ్గరే ఆపేస్తే ఎదురు అరుగు మీద కూచుంది. సాయంత్రానికి కారెక్కబోతూ ఆయన ఆగాడు.

“ఏంటే నీ గోల? మగ్గం గుంటా? ఓ ట్రాక్టర్ రబ్బిష్ పంపిస్తాలే, పూడ్చేసుకో. పీడా పోతుంది.”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన వెళ్ళిపోయాక లోపల్నించి ఒక ముసలావిడ వచ్చి, గడపకి అవతలే నిలబడి, చేత్తో దగ్గరికి పిలిచి, “పొద్దుట్నుంచీ ఎండలో కూచున్నావు, ఇది తాగమ్మా,” అని మజ్జిగ గ్లాసందించింది. దుర్గాశంకర్ తల్లి రామతులసమ్మ. వెంకటరావమ్మ మజ్జిగ తాగింది. తాగుతూనే ఇత్తడి పువ్వు వంక చూసి, లోపల ఒక ముడి వేసుకుంది. నేతవాళ్ళ ముడి అది, తెగాలే గానీ ఊడదు.

ఇప్పుడా గడప తనంతట తనే నడిచొచ్చింది.

“పుల్లయ్యా, దీన్ని కోసి దోనె చెయ్యగలవా?”

పుల్లయ్య గడప నిమిరాడు. “గడప కదక్కా. పసుపు పూసింది. రంపం పెట్టమంటావా?”

“పెట్టు. పాపమేదన్నా ఉంటే నా లెక్కలో వెయ్యి. ఆ పువ్వు మాత్రం జాగర్తగా ఊడదీసి నాకివ్వు.”

యార్డులో వెనక పాకలో ఆవిడ అప్పటికే గుంట తవ్వించి, మగ్గం నిలబెట్టుకుంది. అన్నీ కుదిరాయి గానీ దోనె కుదర్లేదు. పోయినదానికి సాటొచ్చే కర్ర దొరక్క ఖాళీగా పెట్టింది. పుల్లయ్య చెక్కిన దోనె అక్కడ అతికినట్టు కూచుంది. ఆవిడ పడుగు ముడేసి మొదటి పోగు కొట్టింది. కొడుతూ ఏడ్చిందో నవ్విందో రుచితకి తెలియలేదు.

దుర్గాశంకర్ రావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. జరిగిందేమంటే, పాత ఇల్లు కూల్చేటప్పుడు రామతులసమ్మ తెనాలిలో కూతురి దగ్గరుంది. “నేనొచ్చి దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, గడప లేపాకే పలుగు వెయ్యండి. దాన్నే కొత్తింటికి పెడదాం,” అని చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళింది. ఊళ్ళో నలుగురి ఇళ్ళూ కూల్చే మనిషికి తన ఇంటి గడప గుర్తుండలేదు. ఎప్పటిలాగే కొట్టినవాళ్ళదే సామాను అనేశాడు. ఆవిడ వచ్చి చూసింది. గోడ ఉన్నచోట గాలి ఉంది. ఒక్కటే మాటంది. “నా అత్తగారు చెయ్యి పట్టుకుని దాటించిన గడప. అది లేని ఇంట్లో నేను కాలు పెట్టను.” బెంజ్ సర్కిల్ దాటాక కట్టిన కొత్త మేడకి ముహూర్తం దగ్గరపడుతోంది. తల్లి రాకపోతే బంధువుల్లో తలెత్తుకోలేడు.

తెల్లచొక్కా, చేతికి బంగారు కడియం. యార్డు దుమ్ములో బూట్లు ఎక్కడ పెట్టాలో తెలియక తటపటాయిస్తున్నాడు.

“రండి రండి దుర్గాశంకర్ గారూ,” అంది వెంకటరావమ్మ. “కూచోండి. కుర్చీలన్నీ కూల్చిన ఇళ్ళవే, ఏమీ అనుకోకండి.”

ఆయన పోల్చుకోలేదు. అదే ఆవిడకి ఎక్కువ మండింది. “అమ్మా, మా గడపొకటి పొరపాటున వచ్చింది. ఎంతైనా ఇస్తాను.”

“మురుక్కాలవ సందు గుర్తుందా తమకి? కోటిలింగం భార్యని. ట్రాక్టర్ రబ్బిష్ పంపిస్తానన్నారు. ఇంకా రాలేదు.”

అప్పుడు గుర్తొచ్చింది. మొహం వాడిన తోటకూర కాడయింది.

“మాకు డబ్బొద్దండీ. కాలవలో మీరు పోసింది మీరే తియ్యండి. సందులోకి మిషను పట్టదు, తట్టలతోనే. తీసిందంతా మా యార్డుకి తోలండి, ఇటుకలు పోసుకుంటాం. తట్ట ఎత్తేవాళ్ళలో మీరూ ఉండాలి. కాలవ అడుగున బురద కనపడ్డ రోజున గడప ఎక్కడుందో చూపిస్తాను.”

“చూపిస్తానంటే?”

“చూపిస్తానంటే చూపిస్తాననే.”

ఆయన వెళ్ళాక మార్త దగ్గరికొచ్చింది. “అక్కా, నువ్వు చేసేది మోసం. కోసేశామని చెప్పెయ్.”

“వాడు మా ఆయనకి చెప్పి పోశాడా?”

“ఒకడు చేశాడని…”

“నువ్వు ప్రార్థన చేసుకో మార్తా, నా కోసం కూడా చేసుకో. కాలవ మాత్రం తియ్యనీ.” కాలవ తీస్తే సందు బతుకుతుందని మార్తకీ తెలుసు.

సందులోవాళ్ళు పనులు మానుకుని గట్టున కూచున్నారు. దుర్గాశంకర్ ప్యాంటు మడిచి మోకాల్లోతు నల్లనీళ్ళలో దిగాడు. కూలీలున్నా, తట్ట ఆయన నెత్తికీ ఎక్కింది. “అయ్యగారూ, మీరు పోసిన గోడే అది, మెల్లిగా ఎత్తండి!” అని ఒకామె. “బురదలో కూడా బంగారు కడియం మెరుస్తోంది చూడండే!” అని ఇంకొకామె. రుచిత ట్రాక్టర్ ఇంజను ఆపి, “ఇంకో తట్ట పడుతుంది సార్, మొహమాటపడకండి,” అనేది. వెంకటరావమ్మ మాత్రం ఒక్క మాటా అనలేదు. రోజూ వచ్చి, కోటిలింగం కాలు తెగినచోట పీట వేసుకుని కూచునేది. ఆయన తలెత్తితే ఆవిడ కళ్ళే తగిలేవి. తిట్టినా బాగుండు అనిపించేది ఆయనకి.

రాళ్ళు పోయాయి. నీళ్ళు కదిలాయి. కాలవ తిరిగి గొంతు విప్పింది.

మర్నాడు దుర్గాశంకర్ కారేసుకుని యార్డుకొచ్చాడు. గెలిచానన్న ధీమాతో తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. వెంకటరావమ్మ ఇది అనుకోలేదు. కారు దిగుతున్న రామతులసమ్మని చూడగానే నోట్లో మజ్జిగ రుచి తగిలింది. అయినా అడుగు వెనక్కెయ్యలేదు. పాకలోకి నడిచి, మగ్గం ముందు ఆగింది.

“ఇదిగోండి మీ గడప.”

దోనె మీద సగం నేసిన నీలం చీర చుట్టుకునుంది. అంచుల దగ్గర చెక్క దబ్బపండు రంగులో మెరుస్తోంది.

“కోసేశావా!” దుర్గాశంకర్ గొంతు పాక కప్పుకి తగిలింది. “నాచేత మురుగు తీయించి… ముందే కోసి పెట్టుకుని…”

“చూపిస్తానన్నాను. చూపించాను.”

రామతులసమ్మ కొడుకుని పక్కకి తప్పించి ముందుకొచ్చింది. “ఎవరు కోయించారు?”

“నేనేనమ్మా.”

“ఆ రోజు మజ్జిగ తాగిన పిల్లవి కాదూ నువ్వు? చందా కోసం వచ్చావని చెప్పాడే వీడు.”

“నా పెనిమిటి పోయాడని చెప్పడానికొచ్చానమ్మా.”

చెప్పింది. కాలవ, గుంట, పడుగు, గాజుపెంకు, అన్నీ చెప్పింది. చివరికి, “మీ అబ్బాయి మీద పగతోనే కోయించాను. మీరు బాధపడతారని తెలుసు. తెలిసే కోయించాను,” అంది. ముసలావిడ పూజ కోసం తెచ్చుకున్న పసుపు సంచీలోంచి తీసి, తడిపి, చీర అంటకుండా దోనె రెండు కొసలకీ రాసింది.

“శంకరం,” అంది, “నువ్వెళ్ళి పాలు పొంగించుకో. నేను రాను. నన్ను తెనాలి బస్సెక్కించు.”

“అమ్మా, ముహూర్తానికి అందరూ…”

“అందరూ వస్తార్లే.”

వెంకటరావమ్మ కొంగుముడి విప్పి, ఇత్తడి పువ్వు తీసి ఆయన చేతిలో పెట్టింది. “రంపానికి అడ్డొచ్చిందండీ. ఇది మీదే.” ఆయన దాన్ని పారెయ్యలేదు, దాచుకోలేదు. అరచేతిలో పట్టుకునే తల్లి వెనక నడిచాడు.

గృహప్రవేశమయ్యాక రుచిత కబురు మోసుకొచ్చింది. “పాలు పొంగాయట పిన్నీ. పంతులుగారు అమ్మగారేరీ అని అడిగార్ట.”

“ఏమన్నాడు?”

“ఏమంటాడు? కొత్త గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాట్ట. చుట్టాలంతా ఆయన మొహమే చూశార్ట.”

“ఊఁ,” అంది వెంకటరావమ్మ. గుంటలోకి కాళ్ళు దించి, నేసినంత బట్టనీ దోనెకి చుట్టి, గట్టిగా బిగించింది. ఇంకాస్త బిగించింది.